ఒకే చెవికి రెండు పరికరాలు – బ్లూటూత్ మల్టీపాయింట్ చరిత్ర

ఒకే జత వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌ను ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ ఏకకాలంలో కలిపి ఉంచే ఏర్పాటును మల్టీపాయింట్ అంటారు. ల్యాప్‌టాప్‌లో పాఠం వింటుండగా ఫోన్ మోగితే పాఠం దానంతటదే ఆగుతుంది, రింగ్ చెవిలో వినిపిస్తుంది. ఫోన్ పెట్టేశాక పాఠం మళ్లీ అందుకోవచ్చు. ఒకదాని నుంచి విడదీసి రెండోదానికి కలపాల్సిన పని ఉండదు. ఒకప్పుడు ఖరీదైన ఆఫీసు హెడ్‌సెట్లకే పరిమితమైన ఈ సౌకర్యం ఇప్పుడు రెండు మూడు వేల రూపాయల ఇయర్‌బడ్స్‌లోనూ దొరుకుతోంది.

ఒకటికి మించిన పరికరాలతో సంబంధం పెట్టుకోవడం బ్లూటూత్ రేడియోకు మొదటి నుంచీ తెలిసిన విద్యే. కష్టమంతా ఆ తరువాతి మెట్టులో ఉంది. రెండు వైపుల నుంచీ ధ్వని వచ్చినప్పుడు చెవి ఎవరికి దక్కాలి? దాన్ని తేల్చేది ఫోనా, ల్యాప్‌టాపా, ఇయర్‌బడ్సా, వినే మనిషా? మల్టీపాయింట్ చరిత్ర ప్రధానంగా ఈ ప్రశ్నకు జవాబులు వెతికిన చరిత్ర.

ముందుగా ఒక తేడా గమనించాలి. జత చేయడం వేరు, కలిసి ఉండడం వేరు. రెండు పరికరాలు ఒకసారి పరిచయమై, రహస్య సంకేతాన్ని పంచుకుని దాన్ని గుర్తు పెట్టుకుంటే జత అయినట్టు. చాలా హెడ్‌సెట్లు ఇలా ఎనిమిది పరికరాలను గుర్తు పెట్టుకోగలవు. కానీ ఒక క్షణాన వాటిలో ఎన్నింటితో సంబంధం నిలిచి ఉందన్నది వేరే లెక్క. మల్టీపాయింట్ ఉన్న ఇయర్‌బడ్స్‌లో ఆ సంఖ్య సాధారణంగా రెండు.

తీగల కాలం

ఒక చెవి, అనేక లైన్లు అన్న సమస్య టెలిఫోన్‌తో పాటే పుట్టింది. 1878 జనవరిలో అమెరికాలోని న్యూ హేవెన్‌లో తొలి వాణిజ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజి మొదలైంది. అదే ఏడాది సెప్టెంబరులో బోస్టన్ ఎక్స్ఛేంజిలో ఎమ్మా నట్ ఉద్యోగంలో చేరి తొలి మహిళా టెలిఫోన్ ఆపరేటర్ అయ్యారు. ఆపరేటర్ ముందున్న బోర్డుపై ఒక్కో చందాదారుకు ఒక్కో రంధ్రం ఉండేది. ఎవరు పిలిస్తే వారి రంధ్రంలో తీగ గుచ్చి, కోరిన లైనుకు కలిపి, తాను తప్పుకుని, తరువాతి పిలుపు అందుకునేవారు. రెండు చేతులూ తీగలతోనే సరిపోయేవి కాబట్టి వినే సాధనాన్ని ఒంటికి తగిలించుకోవలసి వచ్చింది. తొలి హెడ్‌సెట్లు భుజాన మోయవలసినంత బరువుండేవి. 1882లో కలకత్తాలో ఎక్స్ఛేంజి తెరుచుకోవడంతో ఈ పని భారతదేశానికీ వచ్చింది. ఏ పిలుపు ముందు, ఏది వెనక అన్న తీర్పు ఇక్కడ పూర్తిగా మనిషిదే. బోర్డు కలుపుతుంది, ఆపరేటర్ ఎంచుతుంది.

ఒకే మూలం నుంచి చాలా చెవులకు ధ్వని పంపే ప్రయత్నమూ ఆ రోజుల్లోనే జరిగింది. 1881లో ప్యారిస్ విద్యుత్ ప్రదర్శనలో క్లెమాన్ అదెర్ ఒపెరా వేదికపై టెలిఫోన్ మైకులు అమర్చి, సందర్శకులకు రెండు చెవులకు రెండు రిసీవర్లు ఇచ్చి గానం వినిపించాడు. అక్కడ మూలం ఒకటి, శ్రోతలు అనేకులు. మల్టీపాయింట్‌లో మూలాలు అనేకం, శ్రోత ఒక్కరు. ధ్వని సాధనాల చరిత్రలో ఈ రెండు దారులూ పక్కపక్కనే నడిచాయి.

1910లో యూటా రాష్ట్రానికి చెందిన నథానియెల్ బాల్డ్విన్ తన వంటగదిలో తయారు చేసిన హెడ్‌ఫోన్లను అమెరికా నౌకాదళం కొన్నది. అప్పటి నుంచి హెడ్‌ఫోన్లు రేడియో గదుల్లోకీ, క్రమంగా ఇళ్లలోకీ వచ్చాయి. 1979 జులై 1న జపాన్‌లో అమ్మకానికి వచ్చిన సోనీ వాక్‌మన్‌తో అవి వీధిలోకి వచ్చాయి. ఆ తొలి వాక్‌మన్‌కు హెడ్‌ఫోన్ గుచ్చే రంధ్రాలు రెండు. ఒక్కరే చెవులు మూసుకుని వినడం పక్కవారి పట్ల అమర్యాద అవుతుందేమోనని కంపెనీ అధిపతి అకియో మొరీటా సందేహించడమే అందుకు కారణం. వింటున్న ఇద్దరూ మాట్లాడుకోవడానికి నారింజ రంగు బటన్ కూడా ఉండేది. దాన్ని నొక్కితే పాట తగ్గి, లోపలి మైకు ద్వారా మాట వినిపించేది. మాట వచ్చినప్పుడు పాట తగ్గాలన్న నియమం ఒక చిన్న సాధనంలో ఇలా బటన్ రూపంలో కనిపించింది.

తీగ ఉన్నంత కాలం ఏ పరికరాన్ని వినాలన్న ప్రశ్నే లేదు. ప్లగ్ ఎందులో ఉంటే చెవి దానిదే. రేడియో తరంగాలు తీగను తొలగించగానే ఆ తీర్పు చేతిలో నుంచి జారి సర్క్యూట్లలోకి వెళ్లింది.

లుండ్‌లో పుట్టిన రేడియో

స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఎరిక్సన్ మొబైల్ విభాగం సాంకేతిక అధిపతి నిల్స్ రిడ్బెక్ 1989లో తక్కువ దూరపు రేడియోపై పనికి శ్రీకారం చుట్టాడు. ఫోన్‌కు తీగ లేని హెడ్‌సెట్ కావాలన్నదే తొలి ఆశయాల్లో ఒకటి. 1994లో డచ్ ఇంజనీరు యాప్ హార్ట్‌సెన్ ఈ రేడియో రూపకల్పనకు పూనుకున్నాడు. తరువాత స్వెన్ మాటిసన్ తోడయ్యాడు. తమ ఒక్క కంపెనీ ఫోన్లకే పనికొచ్చే రేడియోకు భవిష్యత్తు లేదని గ్రహించిన ఎరిక్సన్, ఇంటెల్, నోకియా, ఐబీఎం, తోషిబా సంస్థలతో చేయి కలిపింది. 1998 మే నెలలో ఈ ఐదు సంస్థల కూటమి, బ్లూటూత్ స్పెషల్ ఇంటరెస్ట్ గ్రూప్, ప్రజల ముందుకు వచ్చింది. మరుసటి ఏడాది తొలి ప్రమాణం వెలువడింది.

హార్ట్‌సెన్ బృందం ఎంచుకున్నది 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతం. చాలా దేశాల్లో లైసెన్సు అక్కర్లేని తరంగాలవి. మైక్రోవేవ్ ఓవెన్లు, వైఫై కూడా అక్కడే ఉంటాయి కాబట్టి రొద ఎక్కువ. ఆ రొదను తప్పించుకోవడానికి బ్లూటూత్ ఒకే పౌనఃపున్యంపై నిలబడదు. ఆ ప్రాంతాన్ని ఒక్కో మెగాహెర్ట్జ్ వెడల్పున 79 దారులుగా విభజించి, సెకనుకు 1600 సార్లు ఒక దారి నుంచి ఇంకో దారికి దూకుతుంది. ఒక్కో దారిలో గడిపే సమయం 625 మైక్రోసెకన్లు. ఏ క్షణాన ఎక్కడికి దూకాలన్నది నాయక పరికరపు గడియారం, చిరునామా కలిసి నిర్ణయిస్తాయి. దాన్ని అనుసరించే పరికరాలు అదే గడియారానికి తమను సరిచూసుకుంటూ దూకుతాయి. ఒక నాయకుడు, అతని వెంట గరిష్ఠంగా ఏడు చురుకైన అనుచర పరికరాలు. ఈ చిన్న గుంపు పేరు పికోనెట్. ఒకే పరికరం రెండు పికోనెట్లలో సభ్యత్వం తీసుకోవడానికి కూడా మొదటి ప్రమాణమే దారి ఇచ్చింది.

భారతదేశంలో 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో తక్కువ శక్తి పరికరాలను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2005 జనవరిలో కేంద్ర ప్రభుత్వం నియమాలు ప్రకటించింది. ఇక్కడి ఇళ్లలో వైఫై, బ్లూటూత్ విస్తరించడానికి ఇది చట్టపరమైన పునాది.

మోడెమ్ భాషలో మాట్లాడే హెడ్‌సెట్

రేడియో కలిపితే చాలదు. ఇవతలి పరికరం అడిగింది అవతలి పరికరానికి అర్థం కావాలి. అందుకే ఒక్కో పనికి ఒక్కో ఒప్పందం రాశారు. బ్లూటూత్ పరిభాషలో వీటిని ప్రొఫైళ్లు అంటారు. హెడ్‌సెట్ ప్రొఫైల్ ఫోన్ కాల్‌ను చెవికి చేర్చడానికి, హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్ ప్రధానంగా కారు నడిపేవారి అవసరాల కోసం వచ్చాయి.

హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్‌లో ఒక విశేషం ఉంది. కొత్త భాష తయారు చేసే శ్రమ పడకుండా దాని కర్తలు పాత భాషనే వాడుకున్నారు. 1981లో అమెరికాలో హేస్ కంపెనీ విడుదల చేసిన స్మార్ట్‌మోడెమ్‌కు కంప్యూటర్ నుంచి ఆజ్ఞలు ఇవ్వడానికి ఏటీ అన్న రెండక్షరాలతో మొదలయ్యే చిన్న మాటలు ఉండేవి. మొబైల్ ఫోన్ల ప్రమాణాలు ఆ ఆజ్ఞలను స్వీకరించాయి. బ్లూటూత్ హెడ్‌సెట్లూ అదే బాట పట్టాయి. కాల్ వస్తే ఫోన్ హెడ్‌సెట్‌కు రింగ్ అన్న మాట పంపుతుంది. వినేవారు బటన్ నొక్కితే హెడ్‌సెట్ ఏటీఏ అని జవాబిస్తుంది. కాల్ కలుస్తుంది. కాల్ వద్దనుకున్నా, ముగించాలన్నా ఏటీ ప్లస్ సీహెచ్‌యూపీ అన్న ఆజ్ఞ వెళ్తుంది. కాల్ అందుకోవడానికి నేటి ఇయర్‌బడ్‌ను వేలితో తట్టినప్పుడు సాధారణంగా గాలిలో ప్రయాణించేది డయల్ అప్ మోడెమ్ కాలం నాటి ఈ సంభాషణే.

ఈ ఒప్పందాల్లో దాగిన ఊహ ఒకటే: ఒక ఫోన్, దానికి ఒక హెడ్‌సెట్. 2000 తరువాత వచ్చిన తొలి బ్లూటూత్ హెడ్‌సెట్లు చెవి వెనక కొక్కెంలా తగిలించుకునే ఒంటి చెవి సాధనాలు. జత చేయడానికి సాధారణంగా నాలుగు సున్నాలు టైపు చేయాలి. కొత్త ఫోన్‌కు కలపాలంటే పాత ఫోన్ నుంచి విడదీయాలి. 2007లో వచ్చిన 2.1 ప్రమాణం జత చేసే పనిని సులువు చేసి, చాలా చోట్ల సంఖ్య టైపు చేసే అవసరం తప్పించింది. కానీ ఒకరికి ఒక్కటే అన్న ఊహ మారలేదు.

రెండో ఫోన్ రాక

ఆ ఊహను ముందుగా ప్రశ్నించినవారు రెండు ఫోన్లు మోసే ఉద్యోగులు. ఒకటి ఆఫీసుది, ఒకటి సొంతది. రెండింటికీ రెండు హెడ్‌సెట్లు పెట్టుకోలేరు. ఆఫీసు హెడ్‌సెట్ల తయారీదారులు ఈ అవసరాన్ని ముందుగా పసిగట్టారు. టెలిఫోన్ ఆపరేటర్లకూ విమాన చోదకులకూ హెడ్‌సెట్లు చేసి పేరు తెచ్చుకున్న ప్లాంట్రానిక్స్ సంస్థ వాయేజర్ 510 వంటి నమూనాల్లో మల్టీపాయింట్‌ను అందించింది. రెండు ఫోన్లు కలిసి ఉంటాయి, ఏది మోగితే దాన్ని అందుకోవచ్చు. మొదటి కాల్ నడుస్తుండగా రెండోది మోగితే ఏం చేయాలన్నది నమూనాను బట్టి మారేది. కొన్ని రెండో రింగ్‌ను వినిపించేవి కావు. కొన్ని మొదటి కాల్‌ను ఆపి ఉంచి రెండోదానికి వెళ్లనిచ్చేవి. తరువాతి సంవత్సరాల్లో వ్యాపార ప్రకటనల్లో ఈ రెండో రకాన్ని అడ్వాన్స్‌డ్ మల్టీపాయింట్ అన్నారు.

లోపల జరిగే పని తేలికైంది కాదు. రెండు ఫోన్లూ వేటికవే నాయకులైతే, వాటి గడియారాలు వేరు, దూకే క్రమాలు వేరు. వేర్వేరు తాళాల్లో పాడే ఇద్దరు గాయకులకు ఒకే మృదంగ విద్వాంసుడు సహకరించవలసి వస్తే ఎలా ఉంటుందో హెడ్‌సెట్ పరిస్థితి అలా ఉంటుంది. కొంతసేపు ఒక ఫోన్ క్రమాన్ని అనుసరించి, వెంటనే రెండోదాని క్రమంలోకి మారి, మళ్లీ మొదటిదాని దగ్గరకు రావాలి. ఈ మార్పులన్నీ మిల్లీసెకన్లలో జరిగిపోవాలి. సాధారణ ఫోన్ కాల్ ఒక పద్ధతిలో 625 మైక్రోసెకన్ల గడులు ప్రతి ఆరింటిలో రెండింటిని, ఒకటి మాట పంపడానికి, ఒకటి వినడానికి, కచ్చితంగా ఆక్రమిస్తుంది. అంటే రేడియో సమయంలో మూడో వంతు ఆ ఒక్క కాల్‌కే అంకితం. ఇంకో పరికరాన్ని పలకరించడానికి మిగిలిన గడుల్లోనే చోటు వెతుక్కోవాలి.

దీనికి ఒక ఉపాయం ప్రమాణంలోనే ఉంది. నాయకుడు, అనుచరుడు తమ స్థానాలు మార్చుకోవచ్చు. హెడ్‌సెట్ తానే నాయకత్వం తీసుకుని రెండు ఫోన్లనూ తన గడియారానికి తెచ్చుకుంటే రెండు తాళాల సమస్య పోతుంది, సమయం పంచడం సులువవుతుంది. అయితే ఫోన్ ఒప్పుకోవాలి. అప్పటికే వాచీనో కారునో నడిపిస్తున్న ఫోన్ తన నాయకత్వం వదులుకోకపోవచ్చు. మల్టీపాయింట్ హెడ్‌సెట్ ఒక ఫోన్‌తో చక్కగా, ఇంకో ఫోన్‌తో మాట తెగుతూ పనిచేయడానికి ఇలాంటి సర్దుబాట్లు కూడా కారణమవుతాయి.

భారతదేశంలో రెండు నంబర్ల సమస్యకు చాలామందికి మరో జవాబు దొరికింది. ఒకే ఫోన్‌లో రెండు సిమ్‌లు పెట్టుకునే నమూనాలు ఇక్కడ విస్తారంగా అమ్ముడయ్యాయి. హెడ్‌సెట్ దృష్టిలో నంబర్లు రెండైనా ఫోన్ ఒక్కటే కాబట్టి మామూలు హెడ్‌సెట్ సరిపోయింది. అందువల్ల ఇక్కడ మల్టీపాయింట్ అవసరం రెండో ఫోన్ రూపంలో కన్నా ల్యాప్‌టాప్ రూపంలో ఎక్కువగా ఎదురైంది.

పాట వచ్చాక

2003లో ఆమోదం పొందిన ఏ2డీపీ ప్రొఫైల్ బ్లూటూత్‌లో రెండు చెవుల సంగీతానికి తలుపు తీసింది. పాటను నడిపే, ఆపే ఆజ్ఞలకు ఏవీఆర్‌సీపీ అన్న మరో ప్రొఫైల్ ఉంది. ఐఫోన్‌కు ఈ స్టీరియో సౌకర్యం 2009లో ఓఎస్ 3.0తో వచ్చింది. స్మార్ట్‌ఫోన్లు పెరిగే కొద్దీ హెడ్‌సెట్ కాల్ సాధనంగా కన్నా పాట సాధనంగా ఎక్కువ వాడుకలోకి వచ్చింది. దాంతో మల్టీపాయింట్ చిక్కు రెట్టింపైంది. ఇప్పుడు తేల్చవలసింది రెండు కాల్స్ మధ్యనే కాదు. ఒక పరికరపు పాటకూ ఇంకో పరికరపు కాల్‌కూ మధ్య, ఒక పాటకూ ఇంకో పాటకూ మధ్య కూడా.

కాల్‌కూ పాటకూ మధ్య తీర్పు సులువే. కాల్ వస్తే పాట ఆగాలి. హెడ్‌సెట్ ల్యాప్‌టాప్‌కు ఆగమని ఆజ్ఞ పంపి ఫోన్ మాటను అందుకుంటుంది. రెండు పాటల మధ్యే చిక్కంతా. ఏ2డీపీలో ఒక పరికరం ధ్వని పంపదలచుకుంటే ప్రారంభం అన్న సంకేతం ఇస్తుంది. ఆ ధ్వని ఏమిటో చెప్పదు. అది గంటసేపటి కచేరీ కావచ్చు, మెయిల్ వచ్చిందని అరక్షణం మోగే టింగుమన్న శబ్దం కావచ్చు. హెడ్‌సెట్‌కు రెండూ ఒకటే. కొందరు తయారీదారులు ముందు వచ్చినవాడిదే చెవి అన్న నియమం పెట్టారు. అప్పుడు ఫోన్‌లో పాటను చేత్తో ఆపేవరకు ల్యాప్‌టాప్‌లో వీడియో వినపడదు. మరికొందరు చివర వచ్చినవాడిదే చెవి అన్నారు. అప్పుడు ల్యాప్‌టాప్‌లో ఒక నోటిఫికేషన్ మోగగానే ఫోన్ పాట తెగిపోతుంది. మల్టీపాయింట్ వాడేవారికి చిరాకు తెప్పించే చాలా అనుభవాల మూలం ఈ ఒక్క లోటులో ఉంది.

ప్రొఫైళ్లు విడివిడిగా రాసినవి కాబట్టి అవి కలిసినప్పుడు ఏం జరగాలో ఎక్కడా లేదు. ఈ ఖాళీని పూరించడానికి బ్లూటూత్ కూటమి 2013లో మల్టీ ప్రొఫైల్ స్పెసిఫికేషన్ అన్న పత్రాన్ని ఆమోదించింది. ఒక పరికరంలో పాట నడుస్తుండగా ఇంకో పరికరానికి కాల్ వస్తే, కాల్ ముగిస్తే, మధ్యలో సంబంధం తెగితే ఎవరు ఏం చేయాలో అందులో సందర్భాల వారీగా రాశారు. అప్పటివరకు ఒక్కో కంపెనీ తన ఇంట్లో రాసుకున్న మర్యాదలకు ఉమ్మడి రూపం వచ్చింది. దాన్ని పాటించడం మాత్రం తయారీదారుల ఇష్టానికే మిగిలింది.

రెండు ముక్కలైన హెడ్‌సెట్

2014 నుంచి 2016 మధ్య హెడ్‌సెట్ రూపమే మారిపోయింది. జర్మనీకి చెందిన బ్రాగి సంస్థ 2014లో ప్రజల నుంచి చందాలు సేకరించి డ్యాష్ అన్న ఇయర్‌బడ్స్‌ను తలపెట్టింది. 2015లో జపాన్‌కు చెందిన ఆన్‌క్యో తన డబ్ల్యూ800బీటీని చూపింది. 2016 సెప్టెంబరులో హెడ్‌ఫోన్ రంధ్రం లేని ఐఫోన్ 7తో పాటు ఆపిల్ ఎయిర్‌పాడ్స్‌ను ప్రకటించి డిసెంబరులో అమ్మకానికి తెచ్చింది. ఎడమ చెవికీ కుడి చెవికీ మధ్య తీగ కూడా పోయింది.

తీగ పోవడంతో మల్టీపాయింట్ ఒక అడుగు వెనక్కి పడింది. ఏ2డీపీ ఒక మూలం నుంచి ఒక సాధనానికి పాట పంపడానికి రాసినది. రెండు విడి బడ్స్ ఉంటాయని దానికి తెలియదు. అందుచేత ఒక బడ్ పాటను అందుకుని రెండోదానికి చేరవేయవలసి వచ్చింది. తల రేడియో తరంగాలను బాగా పీల్చుకుంటుంది కాబట్టి ఒక చెవి నుంచి ఇంకో చెవికి పంపడమూ సులువు కాదు. బ్రాగి డ్యాష్ దీనికి రేడియోకు బదులు దగ్గరి దూరపు అయస్కాంత ప్రేరణను వాడింది. మరికొందరు చిప్ తయారీదారులు రెండో బడ్ మొదటిదాని సంభాషణను పక్కన ఉండి విని తన భాగం తాను తీసుకునే పద్ధతులు కనిపెట్టారు. గోలీకాయంత ఒంట్లో చిన్న బ్యాటరీతో, జంట బడ్‌ను సంభాళిస్తూ రెండో ఫోన్‌తోనూ సంబంధం నిలపడం అదనపు బరువైంది. చాలా తొలితరం ఇయర్‌బడ్స్ మల్టీపాయింట్‌ను వదిలేయడానికి ఇది ముఖ్య కారణం.

దాని స్థానంలో మరో దారి వచ్చింది. ఎయిర్‌పాడ్స్‌ను ఒక ఐఫోన్‌కు జత చేస్తే ఆ వాడుకరి ఐక్లౌడ్ ఖాతాలోని ఇతర ఆపిల్ పరికరాలకూ ఆ పరిచయం చేరిపోతుంది. 2020లో ఐఓఎస్ 14తో ఎయిర్‌పాడ్స్ ఒక ఆపిల్ పరికరం నుంచి మరోదానికి తమంతట తామే మారడం నేర్చాయి. 2021లో శాంసంగ్ గెలాక్సీ బడ్స్ ప్రో శాంసంగ్ పరికరాల మధ్య ఇలాంటి సౌకర్యంతోనే వచ్చింది. 2022లో గూగుల్ ఆండ్రాయిడ్ పరికరాల మధ్య ఫాస్ట్ పెయిర్ ద్వారా ధ్వని మార్పిడిని ప్రకటించింది. ఈ పద్ధతిలో తీర్పు చెప్పేది బడ్స్ కాదు, ఖాతా వెనక ఉన్న సాఫ్ట్‌వేర్. ఏ యాప్ మోగుతోందో, ఏ తెర వెలిగి ఉందో ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుసు కనుక అది బడ్స్ కన్నా మెరుగైన తీర్పు చెప్పగలదు. లోటు ఏమిటంటే ఒకే కంపెనీ ప్రపంచంలో ఉన్నంత వరకే ఆ తీర్పు చెల్లుతుంది. ఐఫోన్, విండోస్ ల్యాప్‌టాప్ కలిపి వాడేవారికి అది అక్కరకు రాదు. మల్టీపాయింట్ గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. అది ఏ కంపెనీ ఖాతానూ అడగదు.

లాక్‌డౌన్ తరువాత

2020లో కోవిడ్ లాక్‌డౌన్లతో ఆఫీసు సమావేశం, బడి పాఠం, బంధువుల ఫోన్ అన్నీ ఒకే గదిలోకి, ఒకే జత చెవుల్లోకి వచ్చి పడ్డాయి. హైదరాబాద్‌లాంటి ఐటీ నగరాల్లో ఇంటి నుంచి పనిచేసినవారికి ల్యాప్‌టాప్‌లో మీటింగ్, చేతిలో ఫోన్ రోజువారీ స్థితి అయింది. ఆఫీసు సరుకుగా ఉన్న మల్టీపాయింట్ అందరి అవసరంగా మారింది.

తయారీదారులూ దారికి వచ్చారు. జాబ్రా 2019లోనే తన ఎలైట్ 75టీ ఇయర్‌బడ్స్‌లో రెండు పరికరాల అనుసంధానం ఇచ్చింది. సోనీ 2020లో తెచ్చిన డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎమ్4 హెడ్‌ఫోన్‌లో మల్టీపాయింట్‌ను చేర్చింది. 2021లో అది లేకుండా విడుదలైన డబ్ల్యూఎఫ్-1000ఎక్స్ఎమ్4 ఇయర్‌బడ్స్‌కు 2023లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా దాన్ని అందించింది. కొన్నవారి చేతుల్లో అప్పటికే ఉన్న సరుకు కొత్త విద్య నేర్చుకోవడం, ఈ సమస్య రేడియోలో కన్నా నియమాల్లో ఎక్కువ ఉందనడానికి మంచి నిదర్శనం. 2022లో గూగుల్ పిక్సెల్ బడ్స్ ప్రో కూడా మల్టీపాయింట్‌తో వచ్చింది. భారతీయ బ్రాండ్లు ఆ తరువాత తక్కువ ధరల శ్రేణిలోకి దీన్ని దించాయి.

దీనికి చెల్లించే మూల్యమూ ఉంది. సోనీ వారి ఎల్‌డాక్ కోడెక్, అంటే ధ్వనిని కుదించి పంపే విధానం, సంగీతాన్ని సెకనుకు 990 కిలోబిట్ల దాకా మోయగలదు. సామాన్యంగా వాడే ఎస్‌బీసీ నాణ్యమైన అమరికలో మోసేది 328 కిలోబిట్ల దగ్గర. రెండో పరికరానికి రేడియో సమయం కేటాయించాలంటే మొదటిదాని వాటా తగ్గాలి. అందుకే డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎమ్4లో మల్టీపాయింట్ పెట్టుకుంటే ఎల్‌డాక్ పనిచేయదు. నాణ్యత కావాలా, సౌకర్యం కావాలా అన్నది వినేవారే తేల్చుకోవాలి. తరువాతి తరం నమూనాల్లో ఈ రెండూ కలిసి పనిచేయడం మొదలైంది.

ధ్వనికి పేరు చెప్పే ప్రమాణం

2020 జనవరిలో ప్రకటించి 2022 జులైలో పూర్తి చేసిన ఎల్ఈ ఆడియో, బ్లూటూత్ ధ్వనిని పునాదుల నుంచి తిరిగి రాసింది. పాత ప్రొఫైళ్ల స్థానంలో తక్కువ శక్తి రేడియోపై నడిచే కొత్త ఒప్పందాలు వచ్చాయి. ఎల్‌సీ3 అన్న కొత్త కోడెక్ తక్కువ బిట్లతో మంచి ధ్వని ఇస్తుంది. ఎడమ, కుడి బడ్స్‌కు ఫోన్ నుంచి వేర్వేరు ప్రవాహాలు ఒకే సమయానికి సర్దుకుని నేరుగా చేరతాయి. ఒక బడ్ ఇంకోదానికి చేరవేసే శ్రమ తప్పుతుంది. ఆ మేరకు మల్టీపాయింట్‌కు బలం మిగులుతుంది.

అంతకన్నా ముఖ్యమైన మార్పు ఇంకొకటి ఉంది. ఎల్ఈ ఆడియోలో పరికరం ధ్వని పంపేటప్పుడు అది ఏ రకమో కూడా చెబుతుంది. సంభాషణ, సంగీతం, ఆట, వాయిస్ అసిస్టెంట్, నోటిఫికేషన్, రింగ్‌టోన్, అత్యవసర హెచ్చరిక వంటి రకాల పట్టిక ప్రమాణంలోనే ఉంది. ప్రస్తుతానికి తాను ఏ రకాల ధ్వనికి సిద్ధంగా ఉన్నదో ఇయర్‌బడ్స్ కూడా ముందే ప్రకటించవచ్చు. మీటింగ్ నడుస్తుండగా ఫోన్ రింగ్‌కు సరేననీ, నోటిఫికేషన్ శబ్దానికి వద్దనీ చెప్పవచ్చు. ఏ2డీపీలో హెడ్‌సెట్‌కు లేని చూపు ఇదే. చివర వచ్చినవాడికి చెవి ఇవ్వాలా, ముందు వచ్చినవాడికా అన్న గుడ్డి నియమం స్థానంలో, వచ్చింది ఏమిటో తెలుసుకుని తేల్చే అవకాశం ఏర్పడింది.

ఇదే ప్రమాణంలో ఆరాకాస్ట్ పేరుతో ప్రసార పద్ధతి కూడా ఉంది. విమానాశ్రయంలోని ప్రకటననో, సభా మందిరంలోని ప్రసంగాన్నో ఒక మూలం నుంచి పంపితే అందుబాటులో ఉన్న ఎంతమంది అయినా తమ ఇయర్‌బడ్స్‌లో, వినికిడి యంత్రాల్లో అందుకోవచ్చు. జత చేసే పనే ఉండదు. అదెర్ ప్యారిస్‌లో తీగలతో చేసిన పనికి ఇది రేడియో రూపం. వినికిడి లోపం ఉన్నవారికి దీని విలువ ఎక్కువ. ఒక మూలం నుంచి అనేక చెవులకు వెళ్లే దారి, అనేక మూలాల నుంచి ఒక చెవికి వచ్చే దారి ఈ ప్రమాణంలో ఒక చోట కలిశాయి.

తెలుగు నేలపై

ఈ చరిత్రకు తెలుగు ప్రాంతంతో ప్రత్యక్ష సంబంధమూ ఏర్పడింది. బ్లూటూత్ ధ్వని చిప్‌లలో తొలినాళ్ల నుంచి పేరున్న కేంబ్రిడ్జ్ కంపెనీ సీఎస్ఆర్‌ను 2015లో క్వాల్‌కామ్ కొనుగోలు చేసింది. ఆ క్వాల్‌కామ్‌కు హైదరాబాద్‌లో పెద్ద ఇంజనీరింగ్ కేంద్రం ఉంది. రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. 2025లో అక్కడ ఎయిర్‌పాడ్స్ తయారీ మొదలైంది. లుండ్‌లో ఊహించిన తీగలేని హెడ్‌సెట్ వారసుల్లో కొన్ని ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో తయారై విదేశాలకు వెళ్తున్నాయి.

ప్రస్తుతం మార్కెట్లో రెండు తరాలు కలిసి ఉన్నాయి. చాలా ఇయర్‌బడ్స్ ఇంకా హ్యాండ్స్‌ఫ్రీ, ఏ2డీపీ ఒప్పందాల మీదే మల్టీపాయింట్ నడుపుతున్నాయి. కాబట్టి కొనేవారు మల్టీపాయింట్ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకుండా మూడు విషయాలు చూసుకోవడం మంచిది. ఏకకాలంలో ఎన్ని పరికరాలతో కలిసి ఉంటుంది? రెండో పరికరంలో ధ్వని మొదలైతే మొదటిది తనంతట తాను ఆగుతుందా, చేత్తో ఆపాలా? మల్టీపాయింట్ పెట్టుకుంటే మంచి నాణ్యత కోడెక్ నిలుస్తుందా? ఎల్ఈ ఆడియో పూర్తి స్థాయిలో పనిచేయాలంటే ఫోన్, ల్యాప్‌టాప్, ఇయర్‌బడ్స్ మూడూ దాన్ని అర్థం చేసుకోవాలి. పాత పరికరాలు వాడుకలో ఉన్నంత కాలం రెండు పద్ధతులూ పక్కపక్కన కొనసాగుతాయి. ఎక్స్ఛేంజి బోర్డు ముందు ఆపరేటర్ చేసిన ఎంపికను యంత్రానికి నేర్పే ప్రయత్నం, వచ్చిన ధ్వని ఏమిటో యంత్రానికి చెప్పే దశకు చేరింది. ఏ ధ్వనికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో నిర్ణయించే అమరికలు వినేవారి చేతికి ఎంతవరకు అందుతాయన్నది ఇక తయారీదారులు తీర్చవలసిన బాకీ.